దొప్ప కింది గింజలు

ఎస్.కోటలో అరకు బస్సు ఎక్కడమంటే ఓపిక ఉన్నవాళ్లు చేయవలసిన పని. ఆ డిసెంబరు ఉదయం ఓపిక లేని ఇద్దరు ఎక్కారు. ముందు తెరిసమ్మ, రెండు చేతులా సంచులతో. ఆమె వెనక సువార్తరావు మేష్టారు, మెట్టు మెట్టుకీ ఆగి ఊపిరి తీసుకుంటూ. లోపల కాలు పెట్టే చోటు లేదు. కండక్టరు మేష్టారి ముఖం చూశాడు, ఇస్త్రీ చొక్కా చూశాడు, ముందు సీట్లో కూర్చున్న కొండ ముసలామె వైపు తిరిగాడు.

"ఏటలా సూత్తన్నావు? పెద్దాయనకి ఒంట్లో బాగోనేదు. లెగు, బేగి లెగు."

అడ్డాకులు అమ్ముకుని ఖాళీ బుట్టతో తిరిగి వెళుతున్న మనిషి. మారుమాట లేకుండా లేచింది. బుట్టను చంకలోకి లాక్కుని కడ్డీ పట్టుకుంది. ఆమె చోట మేష్టారు, బుట్ట ఉన్న చోట తెరిసమ్మ కూర్చున్నారు. "చాలా థాంక్సమ్మా," అంది తెరిసమ్మ. ముసలామె నవ్వినట్టే కనిపించింది. ఘాట్ రోడ్డు మీద బస్సు మలుపు తిరిగినప్పుడల్లా ఆమె నడుము సీటు అంచుకి కొట్టుకుంటూనే ఉంది.

చదివేవాళ్లకు ఇందులో తప్పేమీ తోచదు. జబ్బు మనిషికి చోటివ్వడం మర్యాదే. మనమూ అంతే చేసేవాళ్లం. కాకపోతే లేచిన మనిషిని "లేవగలవా?" అని ఎవరూ అడగలేదు. ఆ అడగకపోవడమనే చిన్న అలవాటు ఎంత దూరం పోతుందో చెప్పడానికే ఈ కథ.

సువార్తరావు మేష్టారు ఏజెన్సీ ఆశ్రమ పాఠశాలల్లో తెలుగు చెప్పి జీవితంలో సగం గడిపారు. తెరిసమ్మ అదే బళ్లల్లో లెక్కల టీచరు. చివరి రోజుల్లో విశాఖ బదిలీ అయి, ఫ్యాక్టరీల వైపు అద్దెకు దిగారు. అక్కడ తీగ మీద ఆరేసిన తెల్ల పంచె సాయంత్రానికి బూడిద రంగుకి తిరిగేది. పంచెను ఉతుక్కోవచ్చు, ఊపిరితిత్తులను ఎవరు ఉతుకుతారు? రిటైరయ్యే నాటికి మేష్టారికి ఉబ్బసం ముదిరింది. ఆయన ఊపిరి ఆగి మళ్లీ అందుకునే ఆ మధ్య ఖాళీలో తెరిసమ్మ బతుకుతోంది. ఈసారి అందకపోతే, అన్న భయం ఆమెకు అన్నం సయించనివ్వలేదు.

"గాలి మార్చండి. ఆలస్యం చేయకండి," అన్నాడు డాక్టరు.

ఎక్కడికి మారాలి? సలహాలకు కరువా! నర్సీపట్నం దగ్గర సొంతూరు వెళదామంటే అక్కడ ఇటుక బట్టీల పొగ. తునిలో చెల్లెలు రమ్మంది గాని చుట్టరికం దూరంగా ఉంటేనే తీపి. మేష్టారి మనసంతా ఒక్కచోటే ఉంది. "నేను హాయిగా ఊపిరి పీల్చింది డుంబ్రిగుడలో ఉన్నప్పుడే తెరీసా," అనేవారు. తెరిసమ్మ పిన్ని కొడుకు భాస్కర్ ఇళ్ల కాంట్రాక్టులు చేస్తాడు, ఏ ఎండకా గొడుగు పట్టే రకం. "చూసొద్దాం పద బావా," అని బయలుదేరదీశాడు. తాను మాత్రం మోటారు సైకిలు మీద ముందే వెళ్లాడు.

డుంబ్రిగుడ అవతల పనసగుడ అనే చిన్న గూడెం. తారు రోడ్డు ఆ గూడెం మొదటి ఇంటి ముందు ఆగిపోతుంది. ఆ మొదటి ఇల్లు మంగ్లుది. ఒకప్పుడు మేష్టారి దగ్గర అక్షరాలు దిద్దుకున్నవాడు, ఇప్పుడు ముప్పై దాటినవాడు. ఆటో దిగుతున్న మేష్టారిని చూసి పరుగెత్తుకొచ్చి కాళ్లకు దణ్ణం పెట్టాడు. భార్య భాను చాప తెచ్చి పరిచింది. పెళ్లయిన చాన్నాళ్లకు నెల తప్పిందట, సిగ్గుపడుతూనే చెప్పింది.

ఇంటి వెనక పనస చెట్లు. వాటి దిగువన వలిసె చేను పసుపు పూతతో కొండ వాలు మీద పరుచుకుని ఉంది. చల్లగాలి వచ్చింది. మేష్టారు అరుగు మీద కూర్చుని ఒక ఊపిరి తీశారు. మరొకటి తీశారు. చేతిలోని ఉబ్బసం మందు పంపును జేబులో పెట్టేసి ఇంకొకటి తీశారు. ఎక్కడా అడ్డు తగల్లేదు. తెరిసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేసింది.

ఆ సంతోషంలోనే మేష్టారు అన్నారు, సగం నవ్వుతూ, "ఒరే మంగ్లూ, నీ ఇల్లు మాకిచ్చెయ్యరా. నీ పేరు చెప్పుకుని నాలుగేళ్లు ఎక్కువ బతుకుతాను."

భాను చేతిలోని చెంబు కిందికి దించింది. మంగ్లు తలొంచుకున్నాడు. "మీరడిగితే నాను కాదంతానా మేస్టారు," అన్నాడు.

నవ్వుతో అడిగిన మాట నిజం కావడానికి భాస్కర్ ఎంతోసేపు పట్టనివ్వలేదు. ఏజెన్సీలో గిరిజనుల భూమి గిరిజనేతరులు కొనకూడదని చట్టం ఉంది. ఎందుకు ఉందో మేష్టారు ఒకప్పుడు పిల్లలకు పాఠంగా కూడా చెప్పారు. భాస్కర్ దానికీ దారి చూపించాడు. "కాగితాల్లో మంగ్లే ఉంటాడు బావా. ఉండేది మీరు. వాళ్లకి పైగూడెంలో పోడు చేను ఉంది, పాక కూడా ఉంది. అక్కడికి సర్దుకుంటారు. నువ్వు నీ శిష్యుడింట్లో ఉంటే ఎవడు కాదంటాడు?"

పైగూడెం అంటే అడ్డంగా పారే గెడ్డ దాటి కొండెక్కాలి. కాలిబాట తప్ప రోడ్డు లేదు. ఆ సంగతి ఆ అరుగు మీద ఉన్న అందరికీ తెలుసు. ఎవరూ ఎత్తలేదు.

అప్పుడు కాలిబాట వెంట, చంకలో బుట్టతో, ఒక ముసలామె వచ్చింది. తెరిసమ్మ ఆమెను గుర్తుపట్టింది. బస్సులో లేచిన మనిషే. మంగ్లు తల్లి యర్రమ్మ. కొడుకు చెప్పిందంతా నిలబడే విన్నది.

"అలగైతే దేవతనడగాల," అంది.

ఆ కొండల్లో ఒక చోట ఎవరైనా కొత్తగా కాపురం పెట్టాలంటే నేలను అడుగుతారు. పొద్దుగూకే వేళ పేడతో అలికి, బియ్యపు గింజలను జంటలు జంటలుగా పేర్చి, మీద ఆకు దొప్ప బోర్లించి, రాయి పెడతారు. తెల్లారి తీసి చూస్తారు. గింజలు పెట్టినవి పెట్టినట్టు ఉంటే నేలతల్లి జాకర దేవత ఒప్పుకున్నట్టు. చెదిరితే ఆ నేల వాళ్లను వద్దన్నట్టు. వద్దన్న చోట ఎవరూ గుంజ పాతరు. దానికి ఎవరూ నొచ్చుకోరు కూడా. నేల అన్న మాటకు మనుషులు ఏం చేస్తారు?

"గింజలు ఏటి సెప్తే అదే మేస్టారు," అన్నాడు మంగ్లు, పెద్ద బరువు దించుకున్నట్టు. ఆ బరువేమిటో తెరిసమ్మ అప్పుడు ఆలోచించలేదు.

ఆ రాత్రి అతిథులకు లోపలి గది ఇచ్చి ఇంటివాళ్లు అరుగు మీద పడుకున్నారు. మేష్టారు ఎన్నో నెలల తర్వాత చిన్నపిల్లాడిలా నిద్రపోయారు.

తెల్లవారుజామున తెరిసమ్మ ముఖం కడుక్కోవడానికి పెరట్లోకి వచ్చింది. పొగమంచు మోకాళ్ల దాకా ఉంది. పనస చెట్టు కింద దొప్ప, దాని మీద రాయి. ఆమె చదువుకున్నది. ప్రతి ఆదివారం చర్చికి వెళ్లే మనిషి. బియ్యపు గింజలు మాట్లాడతాయని నమ్మే మనిషి కాదు. అయినా వంగింది. రాయి తీసి దొప్ప ఎత్తింది.

గింజలు చెదిరిపోయి ఉన్నాయి. ఒకటి ఇటు, ఒకటి అటు, రెండు పేడలో కూరుకుపోయి ఉన్నాయి.

మళ్లీ విశాఖ, మళ్లీ బూడిద పంచె, మళ్లీ ఆ ఖాళీ. లోపలి నుంచి ఆయన ఊపిరి మెత్తగా వినిపిస్తోంది. ఏ చీమో, ఎలుకో చేసిన పనికి నా భర్త చావాలా అనుకుంది. చలికి కొంకర్లు పోతున్న వేళ్లతో గింజ పక్కన గింజ పేర్చింది. దొప్ప బోర్లించి రాయి పెట్టి, ఎవరైనా చూశారా అని నాలుగువైపులా చూసి, చేతులు కడుక్కుంది. ఎంత కడిగినా పేడ వాసన పోలేదు.

ఎండ పొడ వచ్చాక అందరి ఎదుటా యర్రమ్మ దొప్ప ఎత్తింది. గింజలు జంటలుగా పొందికగా ఉన్నాయి. యర్రమ్మ ముఖం పాలిపోయింది. నేలకు నుదురు ఆనించి చాలాసేపు లేవలేదు. లేచాక, "ఒప్పుకున్నాది," అంది, వినీ వినబడనట్టు. భక్తి అనుకుంది తెరిసమ్మ. మంగ్లు భార్య వైపు చూడలేదు.

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అంటారు. భాస్కర్‌కు మొదటిది అలవాటే. ఈస్టరు నాటికి మంగ్లు ఇంటికి గచ్చు, గేటు, బాత్రూము వచ్చాయి. మూలనున్న పొయ్యి తవ్వేసి గ్యాసు గట్టు కట్టారు. మంగ్లు కుటుంబం అంతకు ముందే కొండెక్కేసింది. అంతలా ఎందుకు తొందరపడ్డారో తెరిసమ్మకు అర్థం కాలేదు. "వాళ్లకి మాటంటే మాటే అక్కా," అన్నాడు భాస్కర్.

మేష్టారు తేరుకున్నారు. రోజూ వలిసె చేను చుట్టూ నడిచేవారు. సాయంత్రాలు గూడెం పిల్లలకు పద్యాలు చెప్పేవారు. తెరిసమ్మ కోరుకున్నది ఆమెకు దక్కింది. కానీ భయం పోలేదు, చోటు మారింది అంతే.

ఇదివరకు ఆయన ఊపిరి వింటూ భయపడేది. ఇప్పుడు గేటు అవతల అడుగుల చప్పుడు వింటే భయం. యర్రమ్మ సంతకు దిగినప్పుడు ఆ ఇంటి వైపు చూసేది కాదు. ముఖం పక్కకు తిప్పుకుని, కొంగు తల మీదకు లాక్కుని, పరుగులాంటి నడకతో దాటిపోయేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు తెరిసమ్మ ఉలిక్కిపడేది. తెలిసిపోయిందా? శపిస్తోందా? ప్రార్థనలో మోకరిల్లితే ప్రభువు మాటకు బదులు పేడ వాసన గుర్తొచ్చేది.

భాను కడుపు పెరిగింది. ఒకనాడు సంత నుంచి వస్తూ అలసి రోడ్డు అవతల రాయి మీద కూలబడింది. తెరిసమ్మ మంచినీళ్లు పట్టుకెళ్లింది.

"లోపలికి రా భానూ. కాసేపు ఫ్యాను కింద పడుకో."

"ఒద్దు టీచరమ్మా. అత్త తిడతాది. ఆ గడప తొక్కొద్దన్నాది."

"ఎందుకని?"

"తెల్దు," అంది భాను. నీళ్లు తాగి, కొండ వైపు ఒకసారి చూసి, మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. ఆ పిల్ల కొండ ఎక్కుతుంటే తెరిసమ్మ గేటు పట్టుకుని చూస్తూ నిలబడింది. మలుపు మలుపుకీ ఆగుతోంది. ఆగి ఊపిరి తీసుకుంటోంది. అలా ఆగి ఊపిరి తీసుకునే మనిషిని తెరిసమ్మ ఎక్కడో చూసింది. ఎక్కడో తెలుసుకోవడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

ఆగస్టులో ముసురు పట్టింది. కొండ కనిపించడం మానేసింది. గెడ్డ హోరు మాత్రం ఇంట్లోకి వినిపించేది. అలాంటి ఒక ఉదయం పైగూడెం మనిషి సుక్రు తడిసి ముద్దై గేటు కొట్టాడు.

"మేస్టారు, పోన్ సెయ్యండి. పైన సిగ్నల్ నేదు. మంగ్లు పెళ్లానికి రేతిరి నుండి నొప్పులొత్తన్నాయి. బిడ్డ అడ్డం తిరిగినట్టున్నాదని ముసిల్ది ఏడుత్తన్నాది. డోలీ కట్టినారు."

మేష్టారు నంబరు తప్పు నొక్కుతుంటే తెరిసమ్మే ఫోను అందుకుని మాట్లాడింది. అంబులెన్సు చెప్పిన వేళకే వచ్చింది. తారు రోడ్డు అక్కడితో ఆఖరు కాబట్టి సరిగ్గా వాళ్ల గేటు ముందు ఆగింది. డ్రైవరు దిగి, ఫోనులో చూసి, ఇంటి వైపు చూశాడు.

"పేషెంటు ఎడ్రసు ఇదే ఇల్లు సూపిత్తంది. ఎక్కడమ్మా ఆవిడ?"

తెరిసమ్మ చేత్తో కొండ వైపు చూపించింది.

"ఇల్లిక్కడ ఉంచుకుని ఆ కొండమీదికి ఎందుకెల్లినారండీ?" అన్నాడు అతను. అడగాలని అడిగింది కాదు, విసుగులో అన్న మాట. అది వెళ్లి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది.

గొడుగులు వేసుకుని గెడ్డ దాకా వెళ్లారు. సుక్రు దాటి వచ్చినప్పటికంటే పెరిగిన నీళ్లు ఎర్రగా, దుంగలను ఈడ్చుకుంటూ పోతున్నాయి. అవతలి గట్టు మీద పొగమంచులోంచి ముందు కేకలు వినిపించాయి. తర్వాత కావడి బద్దకు వేలాడే దుప్పటి మూట, దాన్ని భుజాన మోస్తున్న నలుగురు కనిపించారు. మూటలోంచి భాను అరుపు. డోలీని గట్టు మీద దించారు. దిగితే నడుము లోతు, జారితే మనిషి దక్కడు. నీరు తగ్గేదాకా ఆగాలి.

ఆగారు. పాలిథిన్ పట్టా కింద భాను, ఆమె తలను ఒళ్లో పెట్టుకుని యర్రమ్మ. ఈ గట్టున అంబులెన్సు మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్లు చేయగలిగింది ఏమీ లేదు. అరుపులు పెద్దవైతే తెరిసమ్మ చెవులు మూసుకుంది. తర్వాత అరుపులు తగ్గాయి. అది మరీ భయంగా ఉంది. ప్రభువా, ఆ పిల్ల అరవాలి, ఒక్కసారి అరిపించు అని వేడుకుంది. ఆ ఇంట్లోనే ఉండి ఉంటే భాను మంచం దిగి, గుమ్మం దాటి, బండి ఎక్కేది. అంతే కదా దూరం!

మధ్యాహ్నం దాటాక వాన తెరిపిచ్చింది. మగవాళ్లు గొలుసులా చేతులు పట్టుకుని గెడ్డలో నిలబడ్డారు. డోలీ తలల మీదుగా ఇవతలికి వచ్చింది. దుప్పటి తీస్తే భాను పెదాలు నల్లబడి ఉన్నాయి, కళ్లు సగం మూసి ఉన్నాయి. బండి ఎక్కించారు, మంగ్లు వెంట ఎక్కాడు, బండి కదిలిపోయింది.

యర్రమ్మ మిగిలింది. మిగతావాళ్లంతా చలికి అరుగు ఎక్కినా ఆమె గేటు బయట చినుకుల్లో నిలబడింది.

"లోపలికి రా యర్రమ్మా, తడిసిపోతున్నావు," అంటూ తెరిసమ్మ చెయ్యి పట్టుకుంది.

ముసలామె చెయ్యి విదిలించుకుంది. "ఒద్దు. నాను ఆ గడప తొక్కితే నా కోడలు సచ్చిపోతాది."

"ఎవరన్నారు?"

"దేవత." యర్రమ్మ పళ్లు టకటకా కొట్టుకుంటున్నాయి. "నాను పాపం సేసినానమ్మా. ఆ పొద్దు మీరంతా పడుకున్నాక దొప్ప ఎత్తి గింజలు నానే సెదరగొట్టినాను."

తెరిసమ్మకు చెవుల్లో గెడ్డ హోరు తప్ప ఏమీ వినిపించలేదు.

"మంగ్లుగాడు మేస్టారి మాట కాదన్లేడు. ఆడికి అచ్చరాలు పెట్టినోరు. మా నోరు కాదన్లేదు గాబట్టి గింజల సేత అనిపిద్దామనుకున్నాను. గింజలు కాదంతే మేస్టారికీ కోపం రాదు. తెల్లారి సూత్తే ఏటున్నాది? జంటలు జంటలుగా కూకున్నాయి. దేవత సరిసేసేసినాది. నాను దేవతకే అబద్దం ఆడినాను, ఆ తల్లి సూసేసినాది. ఆ బయానికే బేగి కొండెక్కిపోనాం. అయినా ఒగ్గనేదు. ఇప్పుడు నా గుంటని అడుగుతన్నాది."

ఇన్ని నెలలు తనను శపిస్తోందనుకున్న మనిషి, తన చేతి పనిని దేవత చెయ్యి అనుకుని వణుకుతూ తిరిగింది. తెరిసమ్మ నోరు మూసుకుంటే ఎవరికీ ఎప్పటికీ తెలియదు. యర్రమ్మ ఆ పాపం మోసుకుంటూనే పోతుంది. మేష్టారు ఊపిరి పీల్చుకుంటూనే ఉంటారు. ఆ ఆలోచన ఆమెకు వచ్చింది, రాలేదని చెప్పడం అబద్ధం.

"దేవత కాదు యర్రమ్మా," అంది. "నేను. తెల్లవారుజామున లేచి గింజలు నేనే పేర్చాను."

యర్రమ్మ ఆమె ముఖంలోకి చూసింది. "అయితే దేవతకి నా మీద కోపం నేదా?"

"లేదు."

ముసలామె ఉన్నచోటనే బురదలో కూలబడి బావురుమంది. నెలల తరబడి పట్టుకున్న భయం అలా పోయింది. ఏడుపు ఆగాక తల ఎత్తింది. ఇప్పుడు ఆ కళ్లలో భయం లేదు.

"మీకు గింజల మీద నమ్మకం నేదు గదా. ఎందుకు ముట్టుకున్నారు?"

"భయం. ఆయన ఊపిరి ఆగిపోతుందని."

"నాకూ బయమే. ఇల్లు పోతాదని. ఒక్క దొప్పకాడే ఇద్దరం బయపడినాం. మీ బయానికి మా ఇల్లు దొరికినాది టీచరమ్మా. మా బయానికి ఆ కొండ దొరికినాది."

అని లేచింది. ఎవరూ పిలవకుండానే గేటు తోసుకుని, గడప దాటి, బురద కాళ్లతో గచ్చు మీద నడిచి, ఒకప్పుడు పొయ్యి ఉన్న మూలకు వెళ్లి, గ్యాసు గట్టుకు ఆనుకుని కూర్చుంది.

కిటికీ దగ్గర మేష్టారు అంతా విన్నారు. తెరిసమ్మ తల వంచుకుని లోపలికి వస్తే ఆయన ఆమెను తిట్టలేదు. "నువ్వు పేర్చింది గింజలే తెరీసా. నేను చేసింది అంతకంటే పెద్దది. మంగ్లు నాకు లేదని చెప్పలేడని నాకు తెలుసు. తెలిసే అడిగాను," అన్నారు. ఆ సాయంత్రం ఆయన మళ్లీ పంపు జేబులోంచి తీశారు.

దీపాలు పెట్టే వేళకు ఫోను మోగింది. ఎవరికీ ఎత్తడానికి చెయ్యి రాలేదు. చివరికి యర్రమ్మే, "ఎత్తండి," అంది.

"ఇద్దరూ ఉన్నారు మేస్టారు," అన్నాడు మంగ్లు అవతలి నుంచి. ఆడపిల్ల. భానుకు రక్తం ఎక్కిస్తున్నారు. డాక్టరమ్మ ఇంకాస్త ఆలస్యమైతే అని ఏదో అన్నదట. ఆ మాట పూర్తి చేయలేక మంగ్లు ఏడ్చాడు.

వారం తిరిగాక మంగ్లు వచ్చాడు. అప్పటిదాకా యర్రమ్మ ఆ ఇంట్లోనే ఉంది. మేష్టారు గుమ్మంలో నిలబడి తాళం చెవులు అతని చేతిలో పెట్టారు.

"ఇల్లు నీది. భానునీ పిల్లనీ తిన్నగా ఇక్కడికే తీసుకురా. మేం దిగిపోతున్నాం."

మంగ్లు ఆ తాళాలు తిరిగి ఇవ్వబోయాడు. "మీకు ఒంట్లో బాగోదు గదా మేస్టారు. ఉండండి. మాకేటి, మేం సర్దుకుంతాం."

ఇంత జరిగినా వాడి నోట 'వద్దు' రాలేదు. మేష్టారికి దుఃఖం ముంచుకొచ్చింది. అక్షరాలన్నీ నేర్పారు గాని ఆ ఒక్క మాట తన ముందు అనడం నేర్పలేదు. అప్పుడు మూల నుంచి యర్రమ్మ గొంతు వినిపించింది.

"ఆడు సెప్పలేడు, నాను సెప్తాను. ఎల్లండి మేస్టారు. సుట్టాల్లాగ రండి, పనసపండు కోసి పెడతాను. కాపరానికి మాత్రం ఒద్దు."

"అలాగే తల్లీ," అన్నారు మేష్టారు. చేతులు జోడించి అన్నారు.

భాస్కర్ అక్కను వెర్రిబాగులది అన్నాడు. అననివ్వండి. ఇప్పుడు ఆ దంపతులు ఎస్.కోటలో, కొండ దిగువన, ఒక చిన్న అద్దె ఇంట్లో ఉంటున్నారు. అక్కడ గాలి విశాఖ కంటే నయం, పనసగుడ కంటే తక్కువ. కొన్ని రోజులు మేష్టారికి బాగుంటుంది, కొన్ని రోజులు ఉండదు. ఆయన ఊపిరికీ ఊపిరికీ మధ్య ఖాళీలో తెరిసమ్మ ఇప్పటికీ భయపడుతూనే ఉంది. మంచి పని చేశామని దేవుడు ఊపిరి పెంచి ఇస్తాడని ఈ కథ మీకు హామీ ఇవ్వదు.

పిల్లకు పేరు పెట్టే రోజున వాళ్లు మళ్లీ అరకు బస్సు ఎక్కారు. మళ్లీ కిటకిట. మళ్లీ కండక్టరు ముందు సీటు వైపు తిరిగి, చంటిపిల్లతో కూర్చున్న ఒకామెను చూసి, "లెగు, లెగు," అన్నాడు.

"ఆగు బాబూ," అంది తెరిసమ్మ. ఆ తల్లి వైపు వంగింది. "ఈయనకి ఉబ్బసం అమ్మా. నువ్వు లేవగలవా? లేకపోతే లేదని చెప్పు, మేమేమీ అనుకోం."

ఆమె తెల్లబోయింది. అలా అడిగినవాళ్లు లేరు కాబోలు. "పసిగుంట ఉన్నాది, లెగలేనమ్మా," అంది భయం భయంగా. అని, తెరిసమ్మ ముఖంలో కోపం కనిపించకపోయేసరికి, పిల్లను ఒళ్లోకి లాక్కుని కిటికీ వైపు జరిగింది. "ఇటు కూకోండి తాతా."

ఆ సగం సీట్లో మేష్టారు కూర్చున్నారు. తెరిసమ్మ కడ్డీ పట్టుకుని నిలబడింది. మలుపులు మొదలయ్యాయి, ఆమె నడుము సీటు అంచుకి కొట్టుకుంటోంది.

"తెరీసా," అన్నారు మేష్టారు, ఊపిరి కూడదీసుకుని, "రిటైరయ్యాక ఎక్కడ ఉండాలని ఎంతమందిని అడిగాం! గాలి ఎలా ఉంది, నీళ్లెలా ఉన్నాయి అన్నాం. మనం కూర్చుంటే లేవవలసింది ఎవరో, వాళ్లకు లేవను అనే నోరుందో లేదో, అది ఒక్కటీ అడగలేదు."